ఆరు గెలుపుల పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరుంది. అక్కడి కాన్సాస్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టును జేహాక్స్ అంటారు. కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదిది. బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తేది. ఏటా ఆగస్టులో, ఒక్క మ్యాచ్ అయినా ఆడకముందే, ఈ జట్టు అభిమానికి భవిష్యవాణి పూనుతుంది. దానికి ఆటవెలది కట్టగా ఇట్లున్నది.

ఆరు గెలుపులింక నరచేతిలోనివే
బౌలు ఖాయమయ్య పందెమేల
గడచినట్టి యేటి గాయమ్ము లెన్నకు
కొత్త కోచు వచ్చె గొడవ తీరె

ప్రతిపదార్థం: ఆరు గెలుపులు = పన్నెండు మ్యాచ్‌లలో సగం; ఇంక = ఈ ఏడైనా; అరచేతిలోనివే = ఇంకా ఆడనివే; బౌలు = ఆరు నెగ్గిన జట్టుకు సీజను చివర దక్కే అదనపు మ్యాచ్; ఖాయము = ఆశ; అయ్య = వినేవాడు లేచిపోబోతున్నాడు కనుక ఈ సంబోధన; పందెమేల = డబ్బు మాత్రం పెట్టను (కవి లోకజ్ఞుడు); గాయమ్ములు = ఓటములు, భుజాలు, నడుములు; ఎన్నకు = లెక్కపెట్టకు, పెడితే పద్యం ముందుకు సాగదు; కొత్త కోచు వచ్చె = పాత కోచు పోయె; గొడవ తీరె = పోయినవాడికి ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన సొమ్ము తప్ప.

తాత్పర్యం: ఓయీ! నిరుడు జరిగింది నిరుడే పోయింది. నమ్ము.

విశేషాలు: ఈ పద్యానికి ప్రాణం నాలుగో పాదం. 2007 సీజన్లో మార్క్ మంజీనో శిక్షణలో పదమూడింట పన్నెండు గెలిచి, 2008 జనవరిలో ఆరెంజ్ బౌల్ ఎత్తుకెళ్లిన జట్టిది. 2009లో మొదటి ఐదూ నెగ్గి తక్కిన ఏడూ వరసగా ఓడింది, మంజీనో వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి ఈ పాదం పారాయణ గ్రంథమైంది. 2010లో టర్నర్ గిల్ వచ్చె. 2012లో చార్లీ వైస్ వచ్చె. 2015లో డేవిడ్ బీటీ వచ్చె, ఆ ఏడు పన్నెండుకు పన్నెండూ పోయె. 2019లో లెస్ మైల్స్ వచ్చె. ఎల్ఎస్‌యూ అనే మరో విశ్వవిద్యాలయపు జట్టుకు జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చిన చేయి కదా అని అభిమాని పద్యాన్ని రాగం తీసి మరీ పాడాడు. మరుసటేడు తొమ్మిదికి తొమ్మిదీ ఓడింది.

ఇదే విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్‌లో మహారాజు. ఆ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఇక్కడ తొలి కోచ్. ఆ జట్టు కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే. కనిపెట్టినవాడి గతే అది. ఫుట్‌బాల్ కోచ్‌లను ఏమని తప్పుపడతాం?

అలంకారం: అతిశయోక్తి అని కొందరన్నారు. అది మాకు సమ్మతం కాదు. ఆగస్టులో అభిమాని ఇంకొకలా మాట్లాడడు కనుక ఇది స్వభావోక్తి.

పూర్వపక్షం: అభిమాని పద్యం దేనికి, నిపుణుల వచనం ఉంది కదా అంటారేమో. అదీ చూద్దాం. 2022లో ఈ జట్టు ఆడే బిగ్ 12 లీగు విలేఖరులు సీజనుకు ముందే దీన్ని అంచనా పట్టికలో అట్టడుగున కూర్చోబెట్టారు. లాన్స్ లైపోల్డ్ శిక్షణలో అది మొదటి ఐదూ గెలిచింది. టీసీయూ జట్టుతో మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపేవాడు) జేలన్ డేనియల్స్ భుజం దెబ్బతిన్నా (మూడో పాదం చూడుడు) కిందా మీదా పడి ఆరు పూర్తిచేసి బౌల్‌కు వెళ్లింది. 2024లో ఏపీ వార్తాసంస్థ ర్యాంకుల జాబితా సీజను మొదలవకముందే 22వ స్థానమిచ్చి పల్లకి ఎక్కించింది. మొదటి ఆరింట ఐదు పోయాయి. నవంబరులో ర్యాంకులున్న జట్లను మూడింటిని వరసగా పడగొట్టి ఐదు గెలుపులకు చేరింది. ఆరోదాని కోసం బేలర్ జట్టు మీద ఆడి 45-17తో ఓడింది. నిపుణుడికి, అభిమానికి తేడా ఒక్కటే: అభిమాని జీతం తీసుకోడు.

పాఠభేదం: కొన్ని ప్రతులలో ‘ఆరు’ ఉన్నచోట ‘మూడు’ కనబడుతుంది. ఇది యతికి కుదరదు. జట్టుకు మాత్రం 2010, 2013, 2014, 2018, 2019లలో చక్కగా కుదిరింది. 2024 ప్రతిలో ‘ఐదు’ అని ఉంది. గణం చెడలేదు, యతీ చెడలేదు. కనుక అదే గ్రాహ్యం; బౌల్ మాట ఎత్తిన రెండో పాదం ప్రక్షిప్తమని మా నిర్ణయం.