బకాయి వీరులు

ఒకే హోదాలో, ఒకే సర్వీసు కాలంతో దిగిపోయిన సైనికులకు, వారు ఏ ఏడు విరమించినా సమాన పింఛను ఇచ్చే విధానాన్ని 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' అంటారు. 2015 నవంబరులో దీన్ని ప్రకటిస్తూ అయిదేళ్లకోసారి సవరిస్తామని కేంద్రం తానే రాసుకున్నా, 2019 జులై నాటి సవరణ జరగడానికి 2022 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశమూ, ఆపై గడువు మీద గడువూ కావలసి వచ్చాయి. 2023 జనవరిలోనైతే రక్షణశాఖ, చాలామందికి బకాయిలు నాలుగు వాయిదాల్లో ఇస్తామని సొంతంగా లేఖ విడుదల చేసి న్యాయస్థానం చేత చీవాట్లు తిన్నది.

దేవుడి బాకీకి మాత్రం వాయిదాలు లేవు: తెలంగాణలోని కురవి వీరభద్రస్వామికి మొక్కుకున్న బంగారు మీసాలను 2017 శివరాత్రి నాడు అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు ఏకమొత్తంగానే సమర్పించారు. ఆ మొక్కు రాష్ట్రానిది, ఈ బాకీ కేంద్రానిది కనుక రెంటినీ ముడిపెట్టడం న్యాయం కాదు గాని, కోరమీసాల వీరుడు గుడిలో ఉంటే వాయిదాలు ఉండవనీ, పింఛను పుస్తకంలో ఉంటే తప్పవనీ కురవి మండలపు మాజీ సైనికులకు ఎవరో ఒకరు వివరించాలి.

ఇక జీవన ధ్రువపత్రం, అనగా పింఛనుదారు బతికే ఉన్నాడని ఏటా ఇవ్వవలసిన రుజువు. వార్షిక గుర్తింపు నమోదు కాలేదంటూ 2022 ఏప్రిల్ పింఛను దాదాపు 58 వేల మందికి ఆగిపోయి, గగ్గోలు పుట్టాకే మినహాయింపు వెలువడింది. సరిహద్దు నుంచి ప్రాణాలతో తిరిగొచ్చినవాడి అరిగిన వేలిముద్రను యంత్రం పోల్చుకోకపోతే, ఎదురుగా నిలబడి కొట్టే సెల్యూట్ రుజువు కింద చెల్లదు, మరో దారి వెతుక్కోవాలి.