డిస్కు పెంచకండి, నిండనివ్వండి

కంటైనర్లు నడిపే చోట డిస్కు నిండిందంటే వినిపించే సలహాలు మూడే. డిస్కు పెంచండి. రాత్రిపూట ప్రూన్ నడిచేలా క్రాన్ పెట్టండి. పాత లాగ్ ఫైళ్లు లేపేయండి. మూడూ బుద్ధిగా వినిపిస్తాయి, మూడూ ఆ పూటకి గండం గట్టెక్కిస్తాయి కూడా. నేను చెప్పబోయేవి వీటికి ఎదురు సలహాలు. చదివినవాళ్లలో చాలామంది ఇదేం పిచ్చి అనుకోవచ్చు. అనుకున్నా సరే, ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను. ఆ మూడు సలహాల ఖర్చు ఇచ్చినవాళ్ల మీద పడదు. గచ్చిబౌలిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో నైట్ షిఫ్టులో ఉన్న, ఉద్యోగంలో చేరి ఏడాది నిండని కుర్రాడి మీదో అమ్మాయి మీదో పడుతుంది. ఫోను మోగేది వాళ్లకి.

డిస్కు పెంచకండి. కుదిరితే తగ్గించండి. ఒక ప్రోగ్రాము రోజుకి ఒక జీబీ చెత్త వదులుతోందనుకుందాం. 40 జీబీ డిస్కయితే నెల తిరిగేసరికి దొరికిపోతుంది. ఆ నెలలో కోడ్‌లో ఏం మారిందో గిట్‌లో కనిపిస్తుంది, మార్చిన మనిషి పక్క సీట్లోనే ఉంటాడు, అడగొచ్చు. అదే 500 జీబీ అయితే ఏడాది దాటాక గానీ సంగతి బయటపడదు. అప్పటికి ఆ మనిషి కంపెనీ మారిపోతాడు, సర్వీసు ఇంకో టీముకి వెళ్లిపోతుంది. ఇంట్లో అటక ఎంత పెద్దదైతే అంత సామాను పైకెక్కుతుంది, ఏది ఎవరిదో, ఎప్పుడెక్కించారో చెప్పగలిగేవాళ్లు ఉండరు. పైగా క్లౌడ్‌లో డిస్కు పెంచడం రెండు క్లిక్కుల పని గానీ తగ్గించడం అలా కాదు. అమెజాన్ ఈబీఎస్ వాల్యూమ్‌ని పెంచనిస్తుంది, తగ్గించనివ్వదు. తగ్గించాలంటే చిన్న వాల్యూమ్ ఇంకోటి చేసి డేటా అంతా అందులోకి మోసుకోవాలి. అందుకే ఒకసారి పెంచిన డిస్కు తిరిగి తగ్గడం అరుదు, నెలనెలా బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది.

పెంచాలని చెయ్యి వెళ్లేముందు ఎక్కడ నిండిందో చూడండి. డాకర్ సిస్టమ్ డీఎఫ్ కమాండు నాలుగు లెక్కలు చూపిస్తుంది: ఇమేజీలు, కంటైనర్లు, వాల్యూమ్‌లు, బిల్డ్ క్యాష్. ఐదోది అందులో రాదు, అది లాగులు. చాలా చోట్ల అసలు దొంగ అదే. డాకర్‌కి మామూలుగా వచ్చే జేసన్-ఫైల్ లాగ్ డ్రైవరుకి హద్దు లేదు. మీ ప్రోగ్రాము తెర మీదికి రాసిన ప్రతి అక్షరాన్నీ వార్ లిబ్ డాకర్ కింద ఒకే ఫైల్లో పోగేస్తూ పోతుంది. మ్యాక్స్-సైజ్, మ్యాక్స్-ఫైల్ పెడితేనే ఆగుతుంది. లేకపోతే లోకల్ అనే డ్రైవరుకి మారండి. అది 20 ఎంబీ ఫైళ్లు ఐదింటితో సరిపెట్టుకుని, పాతవాటిని కుదించి దాస్తుంది. ఒక మెలిక గుర్తుంచుకోండి: డీమన్ సెట్టింగు మార్చి డాకర్‌ని రీస్టార్ట్ చేసినంత మాత్రాన పాత కంటైనర్లు మారవు. ఆ తర్వాత కొత్తగా పుట్టినవాటికే ఆ హద్దు వర్తిస్తుంది.

ఇంకో సంగతి. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని వచ్చిన ప్రతిసారీ జీబీలే అయిపోయాయని కాదు. ఐనోడ్‌లు అయిపోయినా అదే సందేశం వస్తుంది. లినక్స్ డీఎఫ్ కమాండుకి ఐ ఫ్లాగ్ తగిలించి చూడండి. నోడ్ మాడ్యూల్స్ లాంటి చిన్న ఫైళ్ల గుట్టలు ఉన్న బిల్డ్ మెషీన్లలో డిస్కు సగం ఖాళీగా ఉండగానే ఇది జరుగుతుంది.

కుబర్నెటీస్ వాడేవాళ్లకి నా సలహా ఇంకా మొరటుగా ఉంటుంది: పాడ్‌ని చావనివ్వండి. ప్రతి కంటైనరుకీ ఎఫిమెరల్ స్టోరేజ్ లిమిట్ పెట్టండి, అదీ బిగించి పెట్టండి. కంటైనరు తన పొరలో రాసుకున్నదీ, లాగులూ, మెమరీలో లేని ఎంప్టీడిర్ వాల్యూమ్‌లూ అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. హద్దు దాటిందా, క్యూబ్‌లెట్ ఆ పాడ్‌ని ఎవిక్ట్ చేస్తుంది. డిప్లాయ్‌మెంట్ ఉంటే దాని స్థానంలో కొత్తది లేస్తుంది. ప్రొడక్షన్‌లో పాడ్ చావడమేమిటని మేనేజర్లు కంగారుపడతారు. హద్దు పెట్టకపోతే ఏమవుతుందో చూడండి. నోడ్ డిస్కులో ఖాళీ 10 శాతం కంటే తగ్గగానే క్యూబ్‌లెట్ డిస్క్ ప్రెషర్ ప్రకటిస్తుంది. కొత్త పాడ్‌లని ఆ నోడ్ మీదికి రానివ్వరు, ఉన్నవాటిలో కొన్నిటిని గెంటేస్తారు. తాను అడిగిన దానికంటే ఎక్కువ వాడిన పాడ్‌లు ముందు వరుసలో ఉంటాయి. రిక్వెస్ట్ అసలు రాయని పాడ్ ఒక్క ఎంబీ వాడినా ఆ వరుసలోకే వస్తుంది. ఆ వరుసలో ప్రయారిటీ తక్కువ ఉన్నది ముందు పోతుంది. అంటే తప్పు చేసిన పాడ్ ఒకటైతే, రిక్వెస్ట్ రాసుకోని పక్కింటి పాడ్ దానికంటే ముందు పోవచ్చు. హద్దు ఉంటే తప్పు చేసినదే పోతుంది. ఎందుకు పోయిందో డిస్క్రైబ్‌లో కారణం కూడా రాసి ఉంటుంది. కారణం తెలిసిన చిన్న చావులు పగటిపూట, టెస్టింగులోనే జరిగిపోవాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ గొడవ పెట్టుకోవాల్సిన చోటు స్లాష్ టెంప్. దాన్ని మీ ప్రోగ్రాముకి ఇవ్వకండి.

మామూలు లినక్స్ మెషీన్‌లో టెంప్ డైరెక్టరీని ఊడ్చేవాళ్లు ఉంటారు. రీబూట్ అయితే పోతుంది, లేదంటే సిస్టమ్‌డీ వచ్చి పాతబడినవాటిని తీసేస్తుంది. ఆ అలవాటుతోనే మనం కోడ్ రాస్తాం: అప్‌లోడ్ అయిన పీడీఎఫ్‌ని టెంప్‌లో పెట్టు, పని చేసుకో, ఎవరో తీస్తార్లే. కంటైనర్లో ఆ ఎవరో లేరు. అక్కడ టెంప్ కూడా కంటైనరు రాసుకునే పై పొరలో ఒక డైరెక్టరీ, అంతే. కంటైనర్ని ఆపి మళ్లీ మొదలుపెట్టినా అందులోవి అలాగే ఉంటాయి. ఆపేసి వదిలేసిన కంటైనరు కూడా తన పొరని అట్టే పెట్టుకుంటుంది. దాన్ని తీసేస్తేనే అవి పోతాయి. పేరుకి తాత్కాలికం, తీరుకి శాశ్వతం.

ఈ పొర పనిచేసే పద్ధతిలో ఇంకో ఖర్చు ఉంది. ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ 2014 చివర్లో 3.18 కెర్నెల్‌తో లినక్స్‌లోకి వచ్చింది. డాకర్ ఓవర్‌లే2 డ్రైవర్ దాని మీదే నడుస్తుంది. కింద ఇమేజ్ పొరలు చదవడానికి మాత్రమే. పైన ఒక్క పొర రాయడానికి. కింది పొరలో ఉన్న ఫైల్లో ఒక్క బైటు మార్చినా ఆ ఫైలు మొత్తం పైకి కాపీ అవుతుంది. రెండు జీబీల మోడల్ ఫైలుకి స్టార్టప్ స్క్రిప్టులో చౌన్ (ఓనర్ మార్పు) చేసే టీములున్నాయి. ప్రతి కంటైనరూ లేవగానే మామూలుగా రెండు జీబీలు మింగుతుంది, లోపల ఒక్క అక్షరమూ మారకుండానే.

కాబట్టి కంటైనర్ని రీడ్-ఓన్లీ ఫ్లాగుతో నడపండి. మొదటిసారి తప్పకుండా పగులుతుంది, పగలనివ్వండి. ఎంజిన్‌ఎక్స్ తన క్యాష్ డైరెక్టరీ కోసం, పిడ్ ఫైలు కోసం ఏడుస్తుంది. స్ప్రింగ్ బూట్ లోపలి టామ్‌క్యాట్ టెంప్‌లో చోటు కావాలంటుంది. ప్రతి ఎర్రరూ మీ ప్రోగ్రాము ఎక్కడెక్కడ రాస్తోందో విప్పి చెబుతున్నట్టే. ఏ డాక్యుమెంటులోనూ ఇంత నికార్సయిన జాబితా దొరకదు. ఆ చోట్లకి మాత్రం టీఎంపీఎఫ్‌ఎస్ ఇవ్వండి, సైజు రాసి మరీ ఇవ్వండి, 64 ఎంబీ అనో 128 ఎంబీ అనో. సైజు రాయకపోతే మెషీన్ ర్యామ్‌లో సగం దాకా పెరగొచ్చు. అది మెమరీయే గనుక కంటైనరు మెమరీ లిమిట్‌లోంచే కోత పడుతుంది. లెక్క తప్పితే 137 ఎగ్జిట్ కోడ్‌తో ప్రాసెస్ పోతుంది, జనం జావా హీప్‌ని తిడుతూ కూర్చుంటారు. గూగుల్ క్లౌడ్ రన్ వాడేవాళ్లకి ఈ బెడద అడగకుండానే ఉంది. అక్కడ కంటైనరు ఫైల్ సిస్టమ్ మామూలుగా మెమరీలోనే ఉంటుంది, రాసిన ప్రతి ఫైలూ ర్యామే తింటుంది.

ఒక్కచోట మాత్రం డాకరే పిసినారిగా ఉంటుంది: షేర్డ్ మెమరీకి వాడే డెవ్ ఎస్‌హెచ్‌ఎం. అడగకపోతే ఇచ్చేది 64 ఎంబీ. క్రోమ్ మీద టెస్టులు నడిపేవాళ్లూ, పైటార్చ్ డేటా లోడర్లు వాడేవాళ్లూ అక్కడ దెబ్బతింటారు. దాన్ని పెంచండి, అందులో తప్పులేదు. పెంచాల్సిన అవసరం ఏమిటో తెలిసి, హద్దు చెప్పి పెంచుతున్నారు.

రాత్రి క్రాన్‌లో ఉన్న ప్రూన్‌ని తీసేయండి. ఈ మాటకి ఎక్కువ ఎదురుదాడి వస్తుందని తెలుసు. ప్రూన్ ఆగిపోయిన కంటైనర్లని తీసేస్తుంది. ఆగిపోయిన కంటైనర్లోనే కదా అది ఎందుకు ఆగిందో ఆనవాళ్లు ఉండేది! హీప్ డంప్, కోర్ ఫైలు, చివరి లాగు, అన్నీ తెల్లారేసరికి శుభ్రం. ఏ మాత్రం ఓపిక లేనివాళ్లు దానికి "-ఏ" (ఆల్) ఫ్లాగ్ కూడా తగిలిస్తారు. అప్పుడు ఆ నిమిషంలో నడవని ఇమేజీలన్నీ పోతాయి. పొద్దున్నే టీమంతా ఒకేసారి బిల్డులు మొదలుపెట్టి అవే బేస్ ఇమేజీలని మళ్లీ లాక్కుంటుంది. డాకర్ హబ్ 2020 నవంబరు నుంచి పుల్స్‌కి పరిమితి పెట్టింది. లాగిన్ లేకుండా లాగేవాళ్లకి ఆ లెక్క ఐపీ అడ్రసుని బట్టి నడుస్తుంది. ఆఫీసంతా ఒకే ఐపీ వెనక ఉంటే ఉదయం పదింటికే కోటా అయిపోతుంది. వాల్యూమ్స్ ఫ్లాగ్ సంగతి ఇంకా ప్రమాదం. డాకర్ 23 కంటే ముందు వెర్షన్లలో అది పేరున్న వాల్యూమ్‌లని కూడా, వాడకంలో లేకపోతే, తీసేసేది. కాసేపు ఆపిన డేటాబేస్ వాల్యూమ్ వాడకంలో లేనట్టే లెక్క.

ప్రూన్ చేతితో చేయండి, ఏం పోతోందో చదివి చేయండి. బిల్డ్ మెషీన్‌లో అయితే బిల్డ్ క్యాష్‌కి హద్దు సెట్టింగుల్లోనే పెట్టొచ్చు, క్రాన్ అక్కర్లేదు. కుబర్నెటీస్ నోడ్ మీదైతే ఆ ఆలోచనే మానుకోండి. డిస్కు 85 శాతం దాటితే వాడని ఇమేజీలని తీసేసి 80 శాతానికి దించే పని క్యూబ్‌లెట్ తనే చేస్తుంది. మధ్యలో బయటివాళ్ల చేతులు పడితే దాని లెక్క చెడుతుంది.

చెరిపితే ఖాళీ అవుతుందన్న నమ్మకాన్ని కూడా వదిలేయండి. డాకర్‌ఫైల్లో ఒక వరుసలో 500 ఎంబీ టార్ ఫైలు కాపీ చేసి, తర్వాతి వరుసలో విప్పి, ఆర్‌ఎం చేశారనుకోండి. ఇమేజ్ ఒక్క ఎంబీ కూడా తగ్గదు. కింది పొరలో ఫైలు అలాగే ఉంటుంది, పై పొరలో అది లేదని ఒక గుర్తు మాత్రం పడుతుంది. రహస్య తాళాలు కాపీ చేసి తర్వాత చెరిపేవాళ్లకి ఈ సంగతి తెలిసి తీరాలి. ఆ పొరని విప్పినవాడికి తాళం దొరుకుతుంది. చెరపడం కాదు, అసలు తేకపోవడం నేర్చుకోవాలి: మల్టీ-స్టేజ్ బిల్డ్, డాకర్ ఇగ్నోర్ ఫైలు, క్యాష్ మౌంట్. తేక తప్పకపోతే తెచ్చిన ఆ రన్ వరుసలోనే తీసేయాలి.

నడుస్తున్న కంటైనరు లాగ్ ఫైలుకి ఆర్‌ఎం కొట్టేది కూడా ఇదే నమ్మకంతో. ఫైలు పేరు పోతుంది. డాకర్ డీమన్ దాన్ని తెరిచే ఉంచుకుంది గనుక చోటు మాత్రం తిరిగి రాదు. డీయూ ఒక లెక్క చెబుతుంది, డీఎఫ్ ఇంకోటి చెబుతుంది, మధ్యలో కుర్రాడికి పిచ్చెక్కుతుంది. అత్యవసరమైతే ట్రంకేట్ చేసి సున్నాకి దించండి. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ మీద డబ్ల్యూఎస్‌ఎల్ వాడేవాళ్లదీ ఇదే గోస. లోపల 60 జీబీ ఇమేజీలు తీసేసినా బయట వీహెచ్‌డీఎక్స్ ఫైలు మామూలుగా తనంతట తాను చిక్కదు. డబ్ల్యూఎస్‌ఎల్‌ని షట్‌డౌన్ చేసి, డిస్క్‌పార్ట్‌లో కాంపాక్ట్ చేస్తేనే సీ డ్రైవ్‌కి ఊపిరి.

మరీ విడ్డూరంగా తోచే సలహా ఒకటుంది. ప్రతి హోస్టు మీదా పనికిరాని ఫైలు ఒకటి పెట్టుకోండి. ఎఫ్-అలొకేట్‌తో ఒక జీబీ, లోపల ఏమీ ఉండదు. డిస్కు పూర్తిగా నిండిన మెషీన్‌లో మామూలు పనులు కూడా సాగవు. ఎడిటర్ సేవ్ చేయదు, ప్యాకేజీ ఎక్కదు, కొన్ని టూల్స్ తమ సొంత టెంప్ ఫైలు రాసుకోలేక చేతులెత్తేస్తాయి. ఆ ఒక్క ఫైలు తీసేస్తే పని చేసుకోవడానికి చోటొస్తుంది. కాక్రోచ్ డీబీ డేటాబేస్ ఇలాంటి ఫైలుని తనంతట తానే పెట్టుకుంటుంది. ఈఎక్స్‌టీ4లో రూట్ కోసం ఐదు శాతం విడిగా ఉంటుంది కదా అంటారు. డాకర్ డీమన్ నడిచేది సాధారణంగా రూట్‌గానే. లాగులు ఆ ఐదు శాతాన్నీ తినేస్తాయి. ఫైలు ఎక్కడుందో రన్‌బుక్ మొదటి వరుసలో రాయండి.

ఈ మాటలేవీ డేటాబేస్‌కి వర్తించవు. దానికి డిస్కు ధారాళంగా ఇవ్వండి, వార్ లిబ్ డాకర్ ఉన్న డిస్కు కాకుండా వేరేది ఇవ్వండి. పక్క కంటైనరు లాగు నిండి పోస్ట్‌గ్రెస్ ఆగిపోకూడదు. వాల్ (రైట్-అహెడ్ లాగ్) రాసే చోటు నిండిందంటే పోస్ట్‌గ్రెస్ పానిక్ అని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు పీజీ-వాల్ డైరెక్టరీలో ఫైళ్లు చేతితో తీసేస్తే క్లస్టరే పాడయ్యే ప్రమాదం ఉంది. అక్కడ పేరుకుపోవడానికి తరచూ కనిపించే కారణం ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్. ఎప్పుడో తీసేసిన రెప్లికా కోసం పోస్ట్‌గ్రెస్ వాల్‌ని దాస్తూనే ఉంటుంది. 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ అనే సెట్టింగుతో దీనికి హద్దు పెట్టొచ్చు. మీరు పెట్టకపోతే దాని విలువ మైనస్ ఒకటి, అంటే హద్దు లేదు.