ఓకే కోచ్!

మా మనవడి స్కూల్లో బాస్కెట్‌బాల్ కోచ్ తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు. పొడుగు, వేగం తరవాత సంగతి, తనకి ముందు ‘కోచబుల్’ పిల్లలు కావాలట. అంటే ఏమిటి మావయ్యగారూ అని కోడలు నా చెవిలో అడిగింది. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, తడుముకోకుండా “మాట వినేవాడమ్మా” అన్నాను. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. మాట వినడంలో మావాణ్ణి మించినవాడు డల్లాస్ చుట్టుపక్కల లేడు మరి.

“రీబౌండుకి ఎగిరేముందు ఎదుటివాణ్ణి వీపుతో అడ్డుకుని చోటు పట్టు” అంటాడు కోచ్. “ఓకే కోచ్!” అని మావాడు తలూపుతాడు. సంక్రాంతి గంగిరెద్దు కూడా అంత ముచ్చటగా ఊపదు. ఆట మొదలవుతుంది. బంతి రింగుకి తగిలి పైకి లేస్తుంది. మిగతా నలుగురూ దానికింద కుమ్ములాడుకుంటుంటే మావాడు అవతలి బుట్ట దగ్గర ఒంటరిగా నిలబడి, సిటీ బస్సుని ఆపుతున్నట్టు చెయ్యెత్తుతాడు. బంతి తనకి పంపమని!

ఇలాంటివాడు ప్రతి టీములోనూ ఒకడుంటాడని తరవాత తెలిసింది. ఎదురు చెప్పేవాడితో కోచ్‌కి పెద్ద బాధ లేదు. వాడి దద్దుర్లు పైకే కనిపిస్తాయి. తలూపుడు బాబుది లోజ్వరం. మ్యాచ్‌కి ముందు అందరూ బుట్ట దగ్గరికెళ్ళి లేఅప్‌లు వేస్తుంటే వాడు స్టార్ ఆటగాడు స్టెఫెన్ కర్రీలా మధ్యగీత దగ్గర్నుంచి బంతి విసురుతుంటాడు. బెంచీ మీద చివరి కుర్చీ, నెత్తిన తువ్వాలు. తోటివాడు బుట్టలో వేస్తే టీమంతా లేచి చప్పట్లు కొడుతుంది. వాడు మాత్రం పెళ్ళిలో అక్షింతలు అందనివాడిలా సగం లేచి కూర్చుంటాడు. టైమౌట్‌లో కోచ్ పలక మీద గీతలు గీస్తుంటే, వాడి చూపు ప్రేక్షకుల్లో ఉన్న నాన్న మీద. మా అబ్బాయి అక్కణ్ణుంచి ‘షూట్ చెయ్’ అని చేతులతో సైగ చేస్తాడు. దానికీ ఒక ఊపు. ఒకే తల, ఇద్దరు కోచ్‌లు!

హైస్కూల్ ఆట 32 నిమిషాలు. ఆ కాలాన్ని మైదానంలోని పదిమందికీ సమంగా పంచితే బంతి ఒక్కొక్కరి చేతిలో ఉండేది మూడు నిమిషాల చిల్లర. మిగతా ఇరవై ఎనిమిది నిమిషాల పైచిలుకూ ఉత్త చేతులతో ఏం చేశావన్నదే కోచ్ చూసేది. ఈ లెక్క నేనే వేసి చెప్పాను. “ఓకే తాతయ్యా” అన్నాడు.

బెంచీ ఎక్కించినప్పుడల్లా వాడు మైకేల్ జోర్డాన్ని తలుచుకుంటాడు. ఆయన్నే స్కూల్ టీములోంచి తీసేశారు తాతయ్యా అంటాడు. నిజానికి 1978లో విల్మింగ్టన్‌లోని లేనీ హైస్కూల్లో ఆయన్ని స్కూలు మొదటి టీమైన వర్సిటీలో కాక, రెండో టీమైన జూనియర్ వర్సిటీలో వేశారు, ఆయన ఆ ఏడాదంతా అక్కడ ఆడాడు. మావాడి కథలో ఆ ఏడాది ఉండదు. తీసెయ్యడమూ, ఆ వెంటనే ఆరు ఛాంపియన్‌షిప్పులూ! అసలు గెలుపు మొదలయ్యేది చిన్న పనుల దగ్గర. కాలేజీ జట్టు యూసీఎల్ఏ కోచ్ జాన్ ఉడెన్ కొత్తగా చేరిన ఆటగాళ్ళకి మొదట సాక్సు తొడుక్కోవడం నేర్పేవాడు, మడత పడితే బొబ్బలెక్కుతాయని. ఆ టీము 1964 నుంచి 1975 దాకా పన్నెండేళ్ళలో పదిసార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచింది. అక్కడైతే మావాడు చక్కగా తలూపి, మడతతోనే తొడుక్కునేవాడు.

చదువులో తప్పితే ఆడనివ్వకూడదని టెక్సాస్‌లో 1984 నుంచి చట్టముంది. దాంతో మావాడికి బాధే లేదు. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది. అదే మా కొంప ముంచిందేమో! మార్కులొచ్చే పిల్లాడికి వినపడలేదని ఎవరనుకుంటారు?

ఆ టీములోనే ఒక పొట్టివాడున్నాడు. కోచ్ ఏం చెప్పినా “ఎందుకు కోచ్?” అంటాడు. నా క్లాసులోనైతే బెంచీ ఎక్కించేవాణ్ణి. ఈ కోచ్ మాత్రం ఆట ఆపి, పలక తీసి, ఎందుకో చెబుతాడు. పొట్టివాడు చేసి చూస్తాడు, తప్పుతాడు, మళ్ళీ అడుగుతాడు. నాలుగోసారికి వాడు అడ్డు నిలిస్తే వాడికన్నా జానెడు పొడుగున్నవాడికి కూడా బంతి అందలేదు.

సీజన్ ఆఖర్న కోచ్ కోడల్ని పిలిచి, “మీవాడు చాలా మర్యాదస్తుడు” అన్నాడు. ఇంటిల్లిపాదీ పొంగిపోయాం. మరుసటేడు వర్సిటీ జాబితాలో పొట్టివాడి పేరుంది, మర్యాదస్తుడి పేరు లేదు.

“ఈ తలూపుడు వీడికి ఎవరి పోలికో!” అన్నాను మా ఆవిడతో. ఆవిడ మాట్లాడకుండా, ఉప్పు తగ్గించమని డాక్టరు రాసిన చీటీ తెచ్చి నా ఆవకాయ జాడీకి ఆనించి వెళ్ళింది.