పిలవని పేరంటం

నేను గుడ్డ జెండాను. పేరు ఓల్ క్రిమ్సన్. ముదురెరుపు మీద డబ్ల్యు, ఎస్, యు అక్షరాలను మెలిపెట్టి గీసిన కూగర్ అనే పిల్లిజాతి మృగం తల నా గుర్తు. వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు కొసన, గోధుమచేల గుట్టల నడుమ పుల్‌మన్ అనే ఊరుంది. అక్కడి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ నా పుట్టిల్లు.

సొంతూళ్లో నేనున్నది తక్కువ. ఈఎస్‌పీఎన్ టీవీ వాళ్ల 'కాలేజ్ గేమ్‌డే' కార్యక్రమం ఫుట్‌బాల్ సీజన్లో శనివారం పొద్దున ఏదో పెద్ద ఆట జరిగే చోటి నుంచి వస్తుంది. మా మారుమూలకు వచ్చేది కాదు. వాళ్లు రాకపోతే మనమే పోదామనుకున్నాడు ఒక పూర్వ విద్యార్థి. 2003 అక్టోబరులో నన్ను టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు మోసుకెళ్లి, కెమెరా ముందు మాట్లాడేవాళ్ల వెనక, జనంలోంచి ఎత్తి ఊపాడు. ఆరోజు ఆడిన రెండు జట్లలో ఏదీ మాది కాదు. అయినా నాకు నచ్చింది. అప్పట్నుంచి ప్రతి ప్రసారానికీ హాజరు. ఆ ఊళ్లో మావాడెవడుంటే వాడికి పార్సెల్‌లో చేరతాను. గాలికి అంచులు పీలికలైతే కొత్త గుడ్డ వస్తుంది. పేరు మాత్రం పాతదే. కెమెరా చివరికి మా వాకిట్లోకి వచ్చింది 2018 అక్టోబరు 20న. ఆరోజు ఒరెగన్‌ను ఓడించాం కూడా.

టీవీ కంట పడితే చాలనుకున్నాను. అది నన్ను చూడదు, ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో లెక్కపెట్టి డబ్బిస్తుందని అప్పటికి తెలియదు.

కాన్ఫరెన్స్ అంటే మా దగ్గర కలిసి ఆడి, టీవీ డబ్బు పంచుకునే కాలేజీల ఉమ్మడి కుటుంబం. మాది పాక్-12. 1915లో పోర్ట్‌లాండ్‌లో నాలుగు కాలేజీలతో మొదలై, 1959లో గొడవల్లో రద్దయి, వేరే పేరుతో మళ్లీ అతుక్కున్న వంశం. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ అన్నదమ్ములు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌కు పోతున్నామన్నారు. మరుసటేడు జూలైలో కొలరాడో. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదుగురు. యాపిల్ కప్ కోసం మాతో కొట్లాడే మా రాష్ట్రపు పెద్దన్న, వాషింగ్టన్ యూనివర్సిటీ కూడా అందులోనే. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పసిఫిక్ పక్కన ఉండి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. ఈ భూగోళం ఏ బడిలో చెప్తారో!

పేరులో పన్నెండు, ఇంట్లో మిగిలింది ఇద్దరం: మేము, ఒరెగన్ స్టేట్. పోయేవాళ్లకు పెత్తనమేమిటని కోర్టుకెక్కి గెలిచాం. గల్లాపెట్టె, ఇంటిపేరు దక్కాయి. ఆడడానికి మనుషులు లేరు. 2025లో ఒకే సీజన్లో మాలో మేమే రెండుసార్లు తలపడ్డాం.

ఫుట్‌బాల్ ఆడేవాళ్లు ఎనిమిది మంది లేకపోతే, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ లెక్కలో కాన్ఫరెన్సే కాదు. దాంతో, మమ్మల్ని ఖాళీ చేసినవాళ్లను తిట్టిన నోటితోనే, పక్కింటి మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ నుంచి ఐదుగురిని పిలుచుకొచ్చాం: బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్. మౌంటెన్ వెస్ట్ పరిహారమడిగితే దానిమీదా కోర్టే. నాది ఎరుపు రంగు కాబట్టి సిగ్గుపడినా తెలియదు. గొంజాగా వచ్చింది గానీ దానికి ఫుట్‌బాల్ జట్టే లేదు. ఎనిమిదో పీట టెక్సాస్ స్టేట్‌కు పడింది. కొత్త కాపురానికి పెట్టుకున్న ముహూర్తం 2026 జూలై 1.

టెక్సాస్ స్టేట్ ఉండే శాన్ మార్కోస్, ఆస్టిన్‌కు ముప్ఫై మైళ్లు. మొదటిసారి అటు పోయినప్పుడు నన్ను ఎత్తి పట్టుకున్నవాడు తప్ప నన్నెరిగినవాళ్లు లేరు. ఇప్పుడు పోతే చుట్టాలింట్లో దిగొచ్చు.