కర్నూలు దగ్గర కూలిన బిల్డు

విండోసు డిఫాల్టు దొరవారికి రాయలసీమ మీదున్న అవగాహన చూస్తే ముచ్చటేస్తుంది. యూటీఎఫ్-8లో దాచిన ‘కడప’ను, ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పకుండా ఆయన ముందు పెట్టండి. మూడక్షరాలు, అక్షరానికి మూడు చొప్పున తొమ్మిది బైట్లు. దొరవారు తమ 1252 నంబరు పట్టిక తీసి బైటుకో గుర్తు చొప్పున చదువుతారు. నెత్తిన వాలుగీత పెట్టుకున్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కనే డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఓ చుక్క. మళ్లీ ‘ఎ’, మళ్లీ డిగ్రీ. మూడక్షరాలకి మూడు డిగ్రీలు! మే నెల కడపని ఇంత క్లుప్తంగా ఏ కవి చెప్పాడు?

కర్నూలు దగ్గర మాత్రం ఆయనకి చదువు ఆగిపోతుంది. తొమ్మిదో బైటు, అంటే ‘ర్న’ని కలిపే పొల్లులో చివరి ముక్క, ఆ పట్టికలో ఖాళీ గడి. చిట్టచివరి కొమ్ముదీ అదే గతి. విండోసులో పైథాన్ అక్కడికి రాగానే ఎర్రర్ విసిరి పడుకుంటుంది. కడప పిచ్చిగీతలై అయినా బయటపడుతుంది, కర్నూలు బిల్డునే కూల్చేస్తుంది. పోనీ పొల్లూ కొమ్మూ లేకుండా రాద్దామంటే తెలుగులో ఏం మిగులుతుంది స్వామీ?

ఇందులో కుట్రేమీ లేదు. ఉంటే బాగుండేది, మనమొకళ్లం ఉన్నామని ఎవరో గుర్తించినట్టయ్యేది. 1252 పశ్చిమ యూరప్ భాషల కోసం కట్టిన పట్టిక. తెలుగు లొకేల్‌కి విండోసులో అలాంటి పాత పట్టికే లేదు, యూనికోడ్ ఒక్కటే దారి. లినక్సు కంటెయినర్లో ఇంకో దొర కాపలా కాస్తుంటాడు. లొకేల్ చెప్పకపోతే ఆయన పేరు ‘సి’, ఆయనకి తెలిసింది 128 గుర్తుల ఆస్కీ.

చెప్పేవాళ్లు లేకనా? జావా ప్రాజెక్టుల్ని బిల్డు చేసే మావెన్, పాపం, ఎన్‌కోడింగ్ చెప్పని ప్రతి బిల్డులోనూ పసుపురంగులో మొత్తుకుంటుంది: మిషన్ ఎన్‌కోడింగే వాడుతున్నా, ఈ బిల్డు మిషన్ని బట్టి మారిపోతుంది అని. మనవాళ్లకి అది గడపకి రాసిన పసుపులా శుభంగా కనిపిస్తుంది. “ఏం గాదులేప్పా, నా సిస్టంలో నడుస్తాంది.”

1995లో జనం ముందుకొచ్చిన జావా, మిషన్ని అడగడం మాని యూటీఎఫ్-8ని డిఫాల్టు చేసుకుంది 2022లో, 18వ వెర్షన్‌కి. లినక్సు మీద ‘సి’ దొరని తప్పించుకోవడం పైథాన్ 2018లో, 3.7తో నేర్చుకుంది. ఇన్నేళ్లూ మనం రాయాల్సింది ఒక్కో లైను: మావెన్ పామ్ ఫైల్లో సోర్స్ ఎన్‌కోడింగ్, పైథాన్ ఓపెన్‌లో ఎన్‌కోడింగ్, డాకర్‌ఫైల్లో సి.యూటీఎఫ్-8. రాస్తే వేళ్లు అరుగుతాయి కదా.

పైగా మీటింగులో దోషి తెలుగే. “తెలుగు సపోర్టు చాలా కష్టం సార్.” 1991లో, యూనికోడ్ మొదటి వెర్షన్లోనే, తెలుగుకి 128 గళ్ల స్థలం పట్టా అయింది. అందులోకి అడ్రసు రాయడమే వీళ్ల కష్టం.

చివరికి ఓ శుక్రవారం సాయంత్రం టికెట్టు మూస్తారు. పరిష్కారం: జిల్లాల పేర్లు ఇంగ్లీషులోకి మార్చబడినవి. బిల్డు పచ్చబడుతుంది, పార్టీ జరుగుతుంది. కడప ఇంగ్లీషు స్పెల్లింగుని ప్రభుత్వం 2005లో మార్చిన సంగతి ఎవరికీ తట్టదు. సగం ఫైళ్లలో పాతది, సగం ఫైళ్లలో కొత్తది. సోమవారం రిపోర్టులో కడప జిల్లాలు రెండు.