తువ్వాలు వేసిన సీటు

ఆర్టీసీ బస్సులో సీటు కావాలంటే కిటికీలోంచి తువ్వాలు విసురుతాం. అమెరికా పాలకుల ఆర్థికశాస్త్రమూ ఇంతే. ఉద్యోగాలంటే లెక్కపెట్టిన సీట్లు. పరదేశిని దించేస్తే మనవాడు కూర్చుంటాడు. ఈ చిన్న సంగతి తెలియక ఆర్థికవేత్తలు లావుపాటి పుస్తకాలు రాసుకుంటున్నారు, పాపం.

ఈ సిద్ధాంతాన్ని వాళ్లు పొలంలో పెట్టి చూశారు కూడా. 1942 నుంచి మెక్సికో కూలీలను రప్పించిన బ్రసేరో పథకాన్ని 1964 చివర్లో ఆపేశారు. మరుసటి వేసవికి కోతలకు మనుషులు కరువు. కార్మిక మంత్రి విల్లార్డ్ విర్ట్జ్ హైస్కూలు ఆటగాళ్లను పిలిచాడు. 18,000 మందికి పైగా పేర్లిచ్చారు. పొలంలో దిగింది సుమారు 3,300 మంది. ఎండకు తాళలేక కొందరు మధ్యలోనే చేతులెత్తేశారు. ఆ ఏటితోనే ఈ ఆటగాళ్ల పథకం అటకెక్కింది. కాలిఫోర్నియా టమాటా తోటల్లో సీటు మాత్రం ఖాళీగా లేదు. కోత యంత్రం వచ్చి కూర్చుంది!

2011లో అలబామా మళ్లీ తువ్వాలు విసిరింది. అక్రమ వలసలపై తెచ్చిన కొత్త చట్టానికి జడిసి వలస కూలీలు మూటాముల్లె సర్దుకున్నారు. టమాటాలు మొక్కలకే కుళ్లాయి. కొత్తగా పని దొరికింది ఈగలకే.

2025 సెప్టెంబరులో ట్రంప్ గారు తువ్వాలుకు రేటు కట్టారు: కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలతో మొదలయ్యే వీసా ఖర్చు దాదాపు 88 లక్షల రూపాయలకు ఎగబాకింది. కంపెనీవాడు వెర్రివాడా? మనిషిని అక్కడికి రప్పించే బదులు పనినే ఇక్కడికి పంపిస్తాడు. ఉద్యోగాలు పుట్టవని ఎవరన్నారు? పుడతాయి, గచ్చిబౌలిలో!

వచ్చినవాడు ఊరికే కూర్చోడు మరి. ఇల్లు అద్దెకు తీసుకుంటాడు, క్షవరం చేయించుకుంటాడు, కారు కొంటాడు, కలిసొస్తే కంపెనీ పెడతాడు. తనొక సీటు తీసుకుని ఇంకో నాలుగు సీట్లు వేయిస్తాడు. తువ్వాలు శాస్త్రంలో ఈ అధ్యాయం లేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే మనమూ భుజాలు తడుముకోవాలి సుమండీ. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని 2019లో చట్టం చేసింది ఆంధ్రప్రదేశే. ఒక పిల్లాణ్ణి డాలస్ పంపి, రెండోవాడి కోసం ఇక్కడ తువ్వాలు వేసుకున్నాం. మన మేడలకు ఇటుకలు మోసే ఒడిశా, బిహార్ కూలీలను మాత్రం ఎవరూ లేవమనరు. ఆ సీటు మనకక్కర్లేదు.

బస్సు చాలకపోతే ఇంకో బస్సు వేయమని డిపో మేనేజరును నిలదీయాలి. పక్కవాణ్ణి తోసేస్తే బస్సు పెద్దది కాదు.