కిటికీ లేని కిటికీ సీటు

టికెట్టుకు డబ్బు కట్టాక మళ్లీ సీటుకు వేరే కట్టడమేంటని మీరూ ఏదో ఒకనాడు గొణుక్కునే ఉంటారు. కట్టకపోతే విమానంలో నిలబెట్టి తీసుకుపోతారా? కమ్మీ పట్టుకుని వేలాడమంటారా?

నేను మడకశిర బస్టాండులో విద్య నేర్చినవాణ్ని. హిందూపురం బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. తువ్వాలు పడిన సీటు మనది. దానికిక అప్పీలు లేదు. ఈ పనిలో మా వీధిలో నాకు కొంచెం పేరు కూడా ఉండేది. మా ఇంటామె మాత్రం ఎన్నడూ తువ్వాలు వేసి ఎరగదు. అందరూ ఎక్కాక నింపాదిగా ఎక్కుతుంది. ఎవరో ఒకామె "రాక్కా, కూచో" అని జరుగుతుంది. అంతే. ఈ తేడా నేను అప్పుడే గమనించుంటే ఈ మధ్య చాలా డబ్బు మిగిలుండేది.

ఒకప్పుడు మన ఆకాశంలోనూ బస్టాండు పద్ధతి నడిచింది లెండి. హాసన్ జిల్లా గొరూరు నుంచి వచ్చిన కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టాడు. సూర్య 'ఆకాశం నీ హద్దురా' సినిమాకు ఆధారం ఆయన కథే. ఆ విమానాల్లో సీటు నంబర్లు లేవు, ముందెక్కినవాళ్లకు నచ్చిన చోటు. ఆ రోజుల్లో ఎక్కుంటే తువ్వాలుతోనే దేశమంతా తిరిగొచ్చేవాణ్ని. ఏం చేద్దాం, అప్పుడు చేతిలో డబ్బు లేదు. డబ్బు చేరేసరికి, విమానాల మీద పెత్తనం చేసే డీజీసీఏవాళ్లు కంపెనీలకు తలుపులు తెరిచేశారు. కోరుకున్న సీటుకు, సామానుకు, తిండికి దేనికది విడిగా వసూలు చేసుకోవచ్చన్నారు. నా తువ్వాలు చెల్లకుండా పోయింది.

మనవాళ్ల దగ్గరికి హైదరాబాదు పోవాల్సి వచ్చింది. మా జిల్లాలో విమానాశ్రయం లేదనుకోకండి. పుట్టపర్తిలో 1990 నుంచీ ఉంది. 2022లో మేము అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాక అది హక్కుగా మాదే. కాకపోతే మాబోటివాళ్లం టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానాలు అక్కడ రోజూ ఉండవు. అందుకని బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లికే పోవాలి.

మా అబ్బాయి ఫోనులో విమానం బొమ్మ తెరిచి, చిన్న చిన్న గళ్లు చూపించాడు. ఒక్కో రంగుకు ఒక్కో ధర.

"నాయనా, గంట ప్రయాణం. ఊరికే ఇచ్చే సీటు చాల్లే" అన్నాడు.

"నాకు యాడైనా పర్లేదప్పా, కూచుంటే చాలు" అంది మా ఇంటామె.

నేను వింటానా! అప్పటికే చవక విమానాల్లో సీటుకూ సీటుకూ మధ్య 28 నుంచి 30 అంగుళాలే ఉంటుందని ఎక్కడో చదివి ఉన్నాను. అది కూడా ఈ సీటు వీపు నుంచి ముందు సీటు వీపు దాకా. సీటు మందం, మన పొట్ట మందం అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇది తేల్చుకోవాలని ఇంట్లో కుట్టుమిషను దగ్గరి టేపు తీసుకున్నాను. కుర్చీ వీపు నుంచి గోడకు సరిగ్గా 29 అంగుళాలు కొలిచి, కుర్చీ జరిపి, సందులో దూరి కూర్చున్నాను. మా ఇంటామె కసువు ఊడ్చడానికి వచ్చి "లెయ్యండి" అంది. లేవాలనే చూశాను. చివరికి తనే కుర్చీ వెనక్కి లాగి నన్ను బయటికి తీసింది.

అందుకే ఎమర్జెన్సీ తలుపు పక్క వరస కావాలన్నాను. అక్కడ కాళ్లకు చోటెక్కువ. "ఆడ కూచుంటే అవసరమొచ్చినప్పుడు తలుపు నువ్వే తియ్యాల నాయనా. కొన్ని విమానాల్లో రెక్కల మీది ఆ తలుపు దాదాపు 15 కిలోలు, ఖాళీ గ్యాసు సిలిండరంత" అన్నాడు అబ్బాయి. వంటింట్లోంచి నవ్వు వినపడింది. "సిలిండరు జరపాలంటే పక్కింటి పిల్లోణ్ని కేకేస్తారు. విమానంలో ఎవుర్ని కేకేస్తారు?" సరే, ఆ వరస వద్దనుకున్నాం. దాని ముందు వరసలో వీపు వెనక్కి వాలదు, తలుపుకు దారి అడ్డమొస్తుందని బిగించేస్తారు. అదీ వద్దనుకున్నాం. మిగిలింది కిటికీ. ఆరు వందలు కట్టి కిటికీ సీటు ఖాయం చేసుకున్నాను. ఆమెకు ఊరికే వచ్చింది ఎక్కడో వెనకాల.

ఇద్దరం వేర్వేరు చోట్ల కూర్చోవడం ఏం బాగుంటుందని పైకి ఒక మాట అన్నాను. 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఒక ఆదేశం ఇచ్చింది. ఒకే బుకింగులో వచ్చే 12 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మానాన్నల్లోనో, వెంట వచ్చిన పెద్దల్లోనో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాల్సిందేనని. మొగుడూ పెళ్లాల మాట అందులో లేదు. ఆఫీసర్లకూ సంసారాలుంటాయి కదా, ఆలోచించే వదిలేసి ఉంటారు.

ప్రయాణం రోజు హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా కారులో బయల్దేరాం. నా కాళ్ల దగ్గర చెనిక్కాయల మూట, ఒళ్లో చింతపండు డబ్బా, భుజం మీద నిద్రపోతున్న మనవడు. దేవనహళ్లి వచ్చేసరికి మోకాళ్లు గడ్డానికి అతుక్కుపోయాయి. మూడు గంటలు అట్లా ముడుచుకుని వచ్చినవాణ్ని, గంటా పది నిమిషాల విమానంలో సుఖం కోసం ఆరు వందలు కట్టానన్న సంగతి దారిలో నేనే ఎవరికీ గుర్తుచేయలేదు.

విమానంలో నా సీటు దగ్గరికి పోయి చూస్తే గోడ. ముందు వరసకు కిటికీ ఉంది, వెనక వరసకు ఉంది, నాకు మాత్రం తెల్లటి ప్లాస్టిక్ గోడ. ఒకసారి తట్టి కూడా చూశాను. తర్వాత తెలిసింది, బోయింగ్ 737లో కింది నుంచి పైకప్పుకు చల్లగాలి పోయే గొట్టాలు ఒక చోట గోడలోంచే పోతాయి, అక్కడ కిటికీ పెట్టరు. సీటు మాత్రం పెడతారు. ప్రయాణమంతా మెడ సాచి ముందాయన కిటికీలోంచి అరచేయంత మేఘాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆయన కాసేపటికి రెప్పలాంటి ఆ పలకను కిందికి లాగేసి నిద్రపోయాడు.

దిగాక మా ఇంటామె ముఖం వెలిగిపోతోంది. "నంది కొండ కనపడింది. చెరువులన్నీ కనపడినాయి, ఒక్కదాంట్లో నీళ్లు లేవు పాపం. మీకేం కనపడింది?"

"ఆఁ, నాకూ అవే" అన్నాను.

"గోడలోంచేనా?" అంది. దిగేటప్పుడు నా వరస దగ్గర ఒక క్షణం ఆగి చూసిందట.

ఊరొచ్చాక వీధంతా ఆమె చుట్టూ చేరి నంది కొండ పైనించి ఎట్లా ఉంటుందో అడిగేవాళ్లు. నేను పక్కన కూర్చుని తలూపేవాణ్ని. ఆ తర్వాతెప్పుడో పేపర్లో చూశాను, అమెరికాలో ఇదే పని మీద కోర్టుకెక్కారు. కిటికీ సీటని చెప్పి డబ్బు తీసుకుని గోడ పక్కన కూర్చోబెట్టారని 2025 ఆగస్టులో డెల్టా, యునైటెడ్ కంపెనీల మీద ప్రయాణికులు దావాలు వేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పేపరు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి "నేనూ కేసు వెయ్యొచ్చు తెలుసా?" అన్నాను. "వెయ్యండి. వాయిదాలకు బస్సులోనే కదా పోతారు, కిటికీ పక్కన కూచోండి" అంది.

ఇక అమెరికా సంగతి. మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. రమ్మంటే బయల్దేరాం, మధ్యలో గల్ఫులో ఒక చోట విమానం మారాలి. "నాన్నా, మోకాళ్ల నొప్పి కదా, నడవ పక్క సీటు చూసుకో. గంటకోసారి లేచి నాలుగడుగులు నడువు" అని అమ్మాయి ఫోనులో నొక్కి చెప్పింది. మంచి మాటే. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని డాక్టర్లు చెప్పేదీ అదే. కానీ నా కన్ను అన్నిటికంటే ముందుండే, ఎదురుగా గోడ తప్ప ఏమీ లేని వరస మీద పడింది. కాళ్లు బార్లా చాపుకోవచ్చు! ధర డాలర్లలో ఉంది. రూపాయల్లో ఎంతో చెప్పమన్నాను. అల్లుడు చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది. అయినా మోకాళ్ల పేరు చెప్పి నా ఒక్కడికి కట్టించాను. ఆమెకు సరిగ్గా నా వెనకాల నడుమ సీటు, ఊరికే వచ్చింది.

కూర్చున్నాక మొదటి అరగంట నిజంగా రాజయోగం. కాళ్లు చాపాను, ముడుచుకున్నాను, మళ్లీ చాపాను. వెనక్కి తిరిగి మా ఇంటామె వంక ఒక చూపు చూశాను. ఆ చూపు అవసరం లేదని ఇప్పుడనిపిస్తుంది.

తిండి వచ్చింది. ప్లేటు పెట్టుకునే బల్ల కనపడలేదు. ముందు సీటు లేదు కాబట్టి బల్లా లేదనుకుని ప్లేటు ఒళ్లో పెట్టుకుని తిన్నాను. ప్యాంటు మీద పప్పు పడింది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి, నా సీటు చేతి పెట్టె మూత తీసి, లోపలి బల్లను చప్పున పైకి లాగి పరిచింది. ఆ వరసలో బల్లా టీవీ రెండూ అక్కడే దాస్తారట, అందుకే ఆ సీట్లు ఒక పిసరు ఇరుకు కూడా. ఆమెకు ఎట్లా తెలుసంటారా? ఎయిర్ హోస్టెస్‌ను అడిగిందట. నాకది తట్టలేదు.

దీపాలు తగ్గించాక అసలు విషయం బయటపడింది. ఎదురుగా ఉన్న ఆ గోడ నా కాళ్ల కోసం కాదు, పసిపిల్లల తొట్లు తగిలించడానికి. ఒకటి నా ముందే తగిలించారు. నా పక్కన నంద్యాల వైపు అమ్మాయి, ఒక్కతే, నెలల బిడ్డతో పోతోంది. విమానం పైకి లేచినప్పటి నుంచి ఆ బిడ్డకు చెవులు పోట్లు కాబోలు, ఒకటే ఏడుపు. నేను దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాను. దుప్పటి చిన్నది, నెత్తి కప్పితే కాళ్లు బయట.

"ఇట్లియ్యమ్మా" అన్న మాట వెనక నుంచి వచ్చింది. బిడ్డ నా తల మీదుగా వెనక్కి పోయింది. ఒక నిమిషం గొణుగుడు, తర్వాత నిశ్శబ్దం. మా మనవళ్లు ముగ్గురూ ఆ భుజం మీద పడుకున్నవాళ్లే.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు. "అంకుల్, ఏమీ అనుకోకండి. అవ్వ ఇక్కడికొచ్చి కూర్చుంటే... మీరు కొంచెం వెనక..."

నేను అంకుల్, ఆమె అవ్వ. వయసు మాటలో మాత్రం నేను గెలిచాను. అదొక్కటే.

లేచి వెనకాల నడుమ సీట్లో కూర్చున్నాను. అటు ఒకాయన, ఇటు ఒకాయన, ఇద్దరి మోచేతులూ నా పక్కటెముకల్లోకి. మా ఇంటామె నా సీట్లో కుదురుకుంది, వాళ్లిచ్చిన మేజోళ్లు తొడుక్కుంది, బిడ్డను తొట్టిలో పడుకోబెట్టింది. ఎయిర్ హోస్టెస్ వచ్చి ఆమెకు రెండో దిండు, మూడోసారి పండ్లరసం ఇచ్చి "గుడ్ నైట్ అమ్మా" అని మరీ పోయింది. ఆ తర్వాత మెల్లగా, చాలా మెల్లగా, నేను డాలర్లు కట్టిన సీటు వెనక్కి వాలి నా మోకాళ్ల మీదికొచ్చి ఆగింది.

తెల్లవార్లూ మేలుకుని కూర్చున్నవాడికి ఏవేవో గుర్తొస్తాయి. 2021 జనవరిలో ఎయిరిండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా, ఎక్కడా ఆగకుండా సుమారు పదిహేడు గంటలు ఎగిరొచ్చింది. నడిపిన నలుగురు పైలెట్లూ ఆడవాళ్లే. పొద్దున ఆమె లేచాక ఈ సంగతి చెప్పాను, మనసులో ఏదో పెట్టుకుని. ఆమె ఆవులిస్తూ విని, "వాళ్లు ఆ ముందు సీట్లకు అదనంగా ఎంత కట్టినారంట?" అంది.

ఇంతా అయ్యాక నా లెక్క నాకుంది. బెంగళూరు నుంచి హైదరాబాదుకో, చెన్నైకో అయితే సీటుకు పైసా కట్టకూడదు, అంతకంటే ఎక్కువ కష్టం మనం హిందూపురం దారిలోనే పడతాం. కిటికీకి కట్టేట్టయితే ఆ వరసకు కిటికీ ఉందో లేదో ముందు కనుక్కోవాలి. రాత్రంతా పోయే ప్రయాణమై, మోకాళ్లు నావంటివైతే నడవ పక్క సీటుకు కట్టినా నష్టం లేదు. అమ్మాయి మొదటే చెప్పింది కదా అంటారేమో. చెప్పింది. గోడ ఎదుటి వరస మాత్రం పసిపిల్లలంటే ప్రేమ ఉన్నవాళ్లకు. నాకు పిల్లలంటే ప్రేమే, పగటి పూట.

ఈ జ్ఞానమంతా వృథా పోకూడదని సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అడిగినవాళ్లకు సలహాలిస్తున్నాను. మొన్న మా వీధి చివరి అంగడాయన వచ్చాడు. కొడుకు దుబాయిలో ఉన్నాడు, ఈయన మొదటిసారి విమానం ఎక్కుతున్నాడు, చేతిలో కాగితం, పెన్ను. "అన్నా, ఏ సీటు తీసుకోమంటావు?" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, అంగుళాల దగ్గర్నుంచి మొదలుపెట్టి, చల్లగాలి గొట్టాల దాకా వచ్చాను.

లోపల్నుంచి మా ఇంటామె కేక వేసింది. "అన్నా, ఆయన ఏ సీటు చెప్తే అది తప్ప ఇంకేదైనా తీసుకో!"

అంగడాయన నా వంక చూశాడు. తర్వాత తల వంచుకుని శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నాడు. నేను చెప్పింది కాదు.